పాత జెట్టీ మీద ఆల్‌రైట్

ఆ దీవిలో పొద్దుగూకాక పాత జెట్టీ మీదికి ఎవరూ వెళ్ళరు. గత్యంతరం లేక వెళ్ళినా, చేతిలో దీపం మాత్రం పట్టుకోరు.

పగలు చూస్తే అక్కడ భయపడాల్సినదేమీ లేదు. కొబ్బరితోట దాటితే ఇసుక మొన, ఆ మొన మీంచి సముద్రంలోకి చొచ్చుకుపోయిన సిమెంటు వంతెన. సగం బాగానే ఉంది. అవతలి సగం ఎప్పుడో తుఫానుకి కూలిపోయింది. విరిగిన స్తంభాలు ఇనపచువ్వలతో సహా నీళ్ళలోనే ఉండిపోయాయి. పోటు సమయంలో అవి పైకి కనబడవు. పొరపాటున పడవ అటు వచ్చిందా, ఇక అంతే సంగతులు.

వెనకటికి ఒక పడవ అలాగే వచ్చిందట. తుఫాను తరవాత పడవల్ని అటు రానివ్వకుండా ఎర్రటి కిరసనాయిలు దీపం చూపించడానికి ఒక మనిషిని పెట్టారు. రోజూ మెలకువగానే ఉండేవాడు పాపం. ఒక్క రాత్రి కునుకు పట్టింది... ఆ రాత్రే పడవ వచ్చింది. అందులో ఉన్నది అతని పెళ్ళామేనంటారు.

అతను తరవాత ఎలా పోయాడో ఎవరూ సరిగ్గా చెప్పరు. కానీ చీకట్లో అక్కడ ఎవరైనా దీపం పట్టుకుని నిలబడితే – పక్కన ఇంకొకరు వచ్చి నిలబడతారని మాత్రం, చిన్నాపెద్దా అందరూ చెబుతారు.

లాడ్జి నడిపే ఆవిడ ఇదంతా చెబుతుంటే గార్డుగారు నవ్వేశాడు. రైళ్ళలో గార్డుగా చేసి ఈమధ్యే రిటైరైన మనిషి. గూడ్సుబండి ఆఖరి పెట్టెలో ఒంటరిగా, అడవుల్లో, వంతెనల మీద రాత్రిళ్ళు గడిపినవాడు. "మా లైన్లో ప్రతి వంతెనకీ ఒక దెయ్యం ఉండేదమ్మా. నాకు ఒక్కటీ కనబడలేదు. గూడ్సుబండి కదా, అవి కూడా ఎక్కేవి కావు," అన్నాడు.

ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఆయన పెళ్ళాన్ని పక్కూరి పెళ్ళికైనా వెంటబెట్టుకుని వెళ్ళిన పాపాన పోలేదు. పట్టాల పక్కనే క్వార్టర్సు. రాత్రి తన బండి ఇంటి ముందు నుంచి పోతుంటే చేతిదీపం పచ్చ అద్దం వైపు తిప్పి ఊపేవాడు. ఆమె వంటింటి కిటికీలోంచి కిరసనాయిలు లాంతరు ఊపేది. అంతా క్షేమమే, ఇక పోనీ అని డ్రైవరూ గార్డూ ఒకరికొకరు అలా ఊపుకుంటారు. దాన్ని ఆల్‌రైట్ అంటారు. వాళ్ళ కాపురం సగం ఆల్‌రైట్ మీదే గడిచిందని ఇరుగుపొరుగు వేళాకోళం చేసేవారు.

రిటైరయ్యాక, ఆ బాకీ తీర్చుకుందామని ఆమెను ఈ దీవికి తీసుకొచ్చాడు. మొదటిరోజు బాగానే గడిచింది. తెల్లటి ఇసుకలో నడిచారు, గవ్వలు ఏరారు, ఆమె చీర తడుపుకుని చిన్నపిల్లలా నవ్వింది. మర్నాడు బోటులో పగడాల దిబ్బలూ, కొండగుహా చూడాలి. అయితే బతుకంతా కదిలే బండిలో గడిపిన పెద్దమనిషికి దీవికి వచ్చేటప్పుడే బోటులో పేగులు నోట్లోకొచ్చాయి.

"నువ్వెళ్ళి చూసిరా. నేను ఒడ్డున ఉంటా," అన్నాడు.

"మీరు లేకుండానా?"

"ఇన్నాళ్ళూ నేను లేకుండానేగా బతికావు."

సరదాకే అన్నాడు. ఆమె నవ్వలేదు. చెప్పులు చేత్తో పట్టుకుని బోటెక్కింది.

సాయంత్రానికల్లా తిరిగి రావాల్సిన బోటు రాలేదు.

మబ్బు కమ్మింది. గాలి లేచింది. దీవి మొత్తం కరెంటు పోయింది, ఫోన్లకి సిగ్నలూ పోయింది. కొత్త జెట్టీ దగ్గర దీపాల్లేవు. "ఇంజను మొరాయించి ఉంటుంది, వచ్చేస్తారు," అంటోంది లాడ్జి ఆవిడ, కానీ ఆమె కూడా గుమ్మంలోంచి కదలడం లేదు.

గార్డుగారికి కాలు నిలవలేదు. కొత్త జెట్టీ కొండ చాటున ఉంది, అక్కణ్ణుంచి సముద్రం కనబడదు. నడిసముద్రం కనబడేది ఇసుక మొన మీంచే.

"అటు వద్దు బాబాయిగారూ," అందావిడ, గొంతు తగ్గించి. "వెళితే వెళ్ళారు... దీపం మాత్రం తీయకండి."

వెళ్ళాడు. చీకట్లో తడుముకుంటూ, వంతెన విరిగినచోటు దాకా వెళ్ళి నిలబడ్డాడు. కాళ్ళ కింద పోటునీళ్ళు మోదుకుంటున్నాయి. ఎదర అంతా నలుపే. ఏది నీరో ఏది ఆకాశమో తెలియదు.

పొద్దున అన్న మాట గుర్తొచ్చింది. ఆమెతో ఆడిన ఆఖరి మాట అదే అయితే...

అప్పుడు కనబడింది.

దూరంగా, నీళ్ళ మీద, తెల్లటి దీపం. చిన్నది. అది ఊగుతోంది... కుడికీ ఎడమకీ... ఆగి... మళ్ళీ కుడికీ ఎడమకీ.

బోటు దీపం అలా ఊగదు. అలలకి ఊగే దీపం పైకీ కిందకీ పోతుంది. ఇది ఎవరో పనిగట్టుకుని ఊపుతున్నట్టుంది.

వద్దు వద్దు అనుకుంటూనే ఉన్నాడు... చెయ్యి వినలేదు. ఒకడు దీపం ఊపితే రెండోవాడు జవాబివ్వాలి – ముప్పొద్దులా చేసిన పని అది. జేబులోంచి ఫోను తీశాడు, టార్చి వెలిగించాడు, ఊపాడు. ఆల్‌రైట్. పోనీ.

అవతలి దీపం ఆగింది.

తరవాత దాని వెనకే ఇంజను దగ్గు వినబడింది. దీపం ఇటు తిరిగింది. సూటిగా ఇటే వస్తోంది.

బోటే. బతికే ఉంది. ఆయనకు ఏడుపొచ్చింది... ఆ ఏడుపు సగంలోనే గడ్డకట్టింది. వస్తున్నది పాత జెట్టీకి. కింద ఇనపచువ్వలున్నాయి. పోటు మీదుంది. రమ్మని పిలిచింది తానే.

"ఆపండి! ఇటు కాదు!"

గాలి ఆ కేకని వెనక్కి, తోటలోకి ఎత్తుకుపోయింది.

ఎర్రదీపం చూపించాలి. బొటనవేలు దానంతటదే కదిలింది. చేతిదీపం పైకప్పు తిప్పితే పచ్చ అద్దం పోయి ఎర్ర అద్దం వచ్చేది కదా. అలాగే గట్టిగా తిప్పాడు. కానీ అది ఫోను. తడిచేతిలోంచి జారింది. టార్చి వెలుతురు నీళ్ళలోకి దిగి, పచ్చగా కాసేపు కనబడి, ఆరిపోయింది.

ఎర్రది లేకపోతే తెల్లదీపాన్నే పిచ్చిపట్టినట్టు ఊపాలని రూలు. రూలు గుర్తొచ్చింది. ఊపడానికి దీపం లేదు.

ఇంజను చప్పుడు దగ్గరపడింది. ఆయన చెయ్యగలిగింది ఇంకేమీ లేదు. చేతులు రెండూ పైకెత్తాడు. జెండా లేనప్పుడు, పగటిపూట, బండి ఆపడానికి అలా ఎత్తుతారు. కన్ను పొడుచుకున్నా కానరాని చీకట్లో ఆ చేతులెవరికి కనబడతాయి? తెలిసీ అలాగే నిలబడ్డాడు. చేతులు వణికిపోతున్నాయి. కళ్ళు మూసుకున్నాడు.

ఇంజను ఆగింది.

అల చప్పుడు... గాలి చప్పుడు... స్తంభాలకి తగిలిన చప్పుడు మాత్రం రాలేదు.

చాలాసేపటికి ఇంజను మళ్ళీ దగ్గింది. దీపం మెల్లగా పక్కకి తిరిగి, మొనని చుట్టి, కొండ చాటుకి పోయింది.

ఆయన కొత్త జెట్టీకి ఎలా పరిగెత్తాడో ఆయనకే తెలియదు. అప్పటికే లాడ్జి ఆవిడ కొవ్వొత్తి పట్టుకుని వచ్చింది. జనం దిగుతున్నారు. చివర్న తడిచీరతో ఆమె.

"నువ్వేనా... ఆ దీపం ఊపింది?"

"మరెవరు? బోటాయన టార్చి అడిగి తీసుకున్నా. ఒడ్డున ఉంటానన్నారుగా, ఉన్నారో లేదో చూద్దామని. మీరు ఆల్‌రైట్ ఇచ్చాక ప్రాణం లేచొచ్చింది."

లాడ్జి ఆవిడ ఫక్కున నవ్వింది. "అయితే ఆ దెయ్యం మీ ఇంటావిడా బాబాయిగారూ." అందరూ నవ్వారు. బెదిరిన ప్రాణాలు కదా, నవ్వడానికి ఏదైనా చాలు.

"నవ్వుతారేంటమ్మా, ఈ తల్లి లేకపోతే మేం లేం," అన్నాడు బోటాయన. "కరెంటు లేదు, ఒడ్డంతా ఒకటే చీకటి. ఆ దీపం ఈ జెట్టీదే అనుకున్నా. మధ్యలో అది ఎర్రగా మారింది. మారితే మారిందిలే అని పోతున్నా. 'ఎర్రదీపం, ఆపు' అని ఈవిడ నా చెయ్యి పట్టుకు లాగేసింది."

"ఇన్నేళ్ళు మీతో కాపురం చేసి ఆమాత్రం తెలీదా?" అందామె మొగుడితో. "భలే పట్టుకున్నారండీ. అంత గాలిలోనూ ఇసుమంత కదల్లేదు. అవునూ, మీ చేతిదీపం ఆఫీసుకి తిరిగి ఇచ్చేశానన్నారుగా?"

గార్డుగారు తన ఖాళీచేతులు రెండూ ముందుకు చాపాడు. అవి ఇంకా వణుకుతూనే ఉన్నాయి.

లాడ్జి ఆవిడ నవ్వు ఆగిపోయింది.

మొగుడి చేతులు చల్లబడ్డాయనుకుని, వెచ్చజేద్దామని ఆమె వాటిని తన చెంపలకి ఆనించుకుంది. అంతలోనే తల వెనక్కి తీసింది.

"ఏమండీ," అంది మెల్లగా, "మీ చేతులేంటి... ఇంత కిరసనాయిలు వాసన?"