మంచాన పడని అత్తగారు

2003 జూన్ 16, సోమవారం, ఉదయం ఏడున్నర. పాలకొల్లులో చర్చి వెనక వీధిలోని ఆ పెంకుటింటి వరండాలో ముగ్గురున్నారు: శాఖా గ్రంథాలయంలో పదిహేడేళ్ళుగా గ్రేడ్-3 లైబ్రేరియన్‌గా పనిచేస్తున్న రూబీ, హైస్కూల్లో తెలుగు మాస్టారైన ఆమె భర్త సాల్మన్, చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న అతని తల్లి సువార్తమ్మ.

రూబీకి గ్రేడ్-2 ప్రమోషన్ వచ్చింది. తణుకు వెళ్ళి చేరాలి. అక్కడి పుస్తకాల పట్టికనంతా కంప్యూటర్లోకి ఎక్కించే పని ఆమెదే. చేరుతుందో, వదులుకుంటుందో ఆ సాయంత్రంలోగా రాసివ్వాలి.

సాల్మన్ ఒక కాగితం తెచ్చి ఆమె ముందుంచాడు.

"నీకు శ్రమ లేకుండా నేనే రాశాను. కింద సంతకం పెట్టు, చాలు."

"నేను తణుకు వెళతానండీ."

"నలభై మూడేళ్ళకి కంప్యూటర్ నేర్చుకుంటావా?"

"నలభై ఏళ్ళకి లైబ్రరీ సైన్సు డిగ్రీ పాసైతే వీధంతా మిఠాయి పంచింది మీరే కదండీ."

"పాసవడం వేరు, ఇల్లు వదిలి రోజూ బస్సెక్కడం వేరు."

సువార్తమ్మకు చూపు మందగించాక ఆ ఇంట్లో ఒక ఆనవాయితీ ఏర్పడింది. కరెంటు బిల్లయినా, శుభలేఖయినా, ఇంట్లో కనబడ్డ ప్రతి కాగితాన్నీ రూబీ ఆవిడకు పైకి చదివి వినిపించాలి.

"ఏంటమ్మా ఆ కాగితం? చదువు," అందావిడ.

"ఆఫీసు కాగితంలే అమ్మా," అంటూ సాల్మన్ చెయ్యి చాచాడు. రూబీ ఇవ్వలేదు. నిదానంగా చదివింది.

"'మా అత్తగారు తుంటి ఎముక విరిగి మంచాన ఉన్నందువల్ల, ఆమెకు సపర్యలు చేసేవారు వేరెవరూ లేనందువల్ల, ఈ ప్రమోషన్‌ను వదులుకుంటున్నాను.'"

చిక్కుడుకాయల చేట పక్కకు జరిగింది.

"ఎవర్రా మంచాన ఉన్నది? నిన్న ఆరాధనకి నడిచెళ్ళి వచ్చిందెవరు?"

"పాత ఉత్తరం చూసి రాశానమ్మా. తేదీ ఒక్కటే మార్చాను."

"పాత ఉత్తరం ఏంటి?"

రూబీయే చెప్పింది. "తొంభై ఆరులో మీరు నూతి దగ్గర జారిపడ్డారు కదా, అత్తయ్యగారూ. అప్పుడూ ఒక ప్రమోషన్ వచ్చింది."

తను మంచాన ఉన్న ఆ నాలుగు నెలలూ స్నానం చేయించి, తల దువ్వి, లైబ్రరీకి పరుగెత్తిన కోడలు ఏడేళ్ళలో ఒక్కసారైనా ఆ మాట ఎత్తలేదు. సువార్తమ్మ కళ్ళు నిండాయి. కొడుకు వైపు తిరిగింది.

"అప్పుడు నా తుంటి విరిగింది నిజం. ఇప్పుడు విరగ్గొడుతున్నది నువ్వు. కాఫీ పెట్టుకోవడం రాదని చెప్పుకోవడానికి సిగ్గేసి, అమ్మని మంచాన పడేశావట్రా?"

రూబీ కాగితాన్ని భర్త వైపు జరిపింది. "అప్పుడు నా అంతట నేనే వదులుకున్నానండీ. దానికి విచారం లేదు. ఈసారి వదులుకోను. మీరు ఒప్పుకున్నా, ఒప్పుకోకపోయినా."

సాల్మన్ తన ముత్యాల్లాంటి అక్షరాలను మళ్ళీ చూసుకున్నాడు. పక్కవాడి జవాబు చూసి రాసిన పిల్లలను బెంచీ ఎక్కించే మాస్టారు తను. చెవులు ఎర్రబడ్డాయి. జేబులోంచి కలం తీశాడు.

"తప్పు చేశాను రూబీ. చేరతానని ఇంకో ఉత్తరం నేనే రాసిస్తాను."

"నేను రాసుకుంటానండీ. మీరు కాఫీ పెట్టండి."

అతను లేచాడు. గుమ్మం దగ్గర ఆగి, "పంచదార డబ్బా ఎక్కడుంటుంది?" అన్నాడు. సువార్తమ్మ కళ్ళు తుడుచుకుంటూనే పకపకా నవ్వింది.

రూబీ నాలుగు వరుసలు రాసి అత్తగారికి చదివి వినిపించింది.

"మళ్ళీ చదువు," అందావిడ.

రెండోసారి చదివి, సంతకం పెట్టి, కాగితాన్ని మూడు మడతలు వేసి చేతిసంచిలో భద్రపరచుకుంది.