ప్రతి మాటా రెండుసార్లు

స్టూడియోలో ఆ మెట్ల కింద గదికి పేరు చెడిపోయింది. కిటికీ లేదు. లోపల ఒక బల్ల, ఒక కంప్యూటర్, రెండు స్పీకర్లు, పాత టేపులు తిప్పే మెషిన్. అంతే. అయినా సాయంత్రం దాటితే అటు ఎవడూ పోడు. కండలు చూపించుకుంటూ తిరిగే కెమెరా వాళ్ళు కూడా అటు చూడకుండా మెట్లు రెండేసి ఎక్కేస్తారు.

ఎందుకంటే... ఆ గదిలో ప్రతి మాటా రెండుసార్లు వినపడుతుందట. మొదట గుసగుస. తర్వాత గట్టిగా.

"తలుపు మూసుంది. లోపల ఎవరో ఆడమనిషి 'వెళ్ళొద్దు' అని మెల్లిగా అంది. నేనింకా చెవి పెడుతున్నానా... అదే మాట అరిచినట్టు వచ్చింది. గుండె జారిపోయిందంటే నమ్మండి!" అని వాచ్‌మన్ తాత ఒట్టేసి చెప్తాడు. ఆ రోజు నుంచి కుర్చీ గేటు దగ్గరికి లాక్కున్నాడు. "నన్ను పెట్టుకుంది దొంగల కోసం. దెయ్యాల సంగతి నాకు చెప్పలేదు."

మా పిన్ని పడీ పడీ నవ్వింది. పిన్ని పనే చప్పుళ్ళు కడగడం. పాత రికార్డింగుల్లో బుసబుస, చిటపట, గరగర ఏదున్నా పట్టుకుని తీసిపారేస్తుంది. "దెయ్యమొస్తే దాన్నీ ఉతికి ఆరేస్తా తాతా" అంది. మామూలు బిల్డప్ కాదు.

అసలు ఆ గొడవంతా మొదలైంది ఆ బ్లాక్ అండ్ వైట్ సీరియల్ టేపులు వచ్చి, ఎవరో ఒకటి మెషిన్లో పెట్టి చూసిన రోజు. నలభై ఏళ్ళ కిందటిది. వారానికో సాయంత్రం వచ్చేది. సెట్లో వాళ్ళు నటిస్తుంటే అప్పటికప్పుడే ఇళ్ళల్లో కనపడేది. తప్పు దొర్లిందంటే ఊరంతా చూసినట్టే. ఎవరో బుద్ధిమంతుడు టేపుల మీద కూడా పట్టి దాచాడు. ఇప్పుడు వాటిని శుభ్రం చేసి డిస్కులుగా వేసి అమ్ముతారు. ఇరవై ఆరు భాగాలు. పని పిన్నికి పడింది.

కానీ పిన్నికి ఆ సీరియల్ పేరెత్తితేనే ఒళ్ళుమంట.

ఎందుకో చెప్తా. అప్పుడు పిన్నికి ఆరేళ్ళు. అమ్మమ్మ, అంటే పిన్ని వాళ్ళమ్మ, "నేనూ ఆ నాటకంలో ఉన్నా" అనేది. ప్రతి వారం ఆ సాయంత్రం ఇంట్లో ఉండేది కాదు. వీధి మొత్తానికి ఒకే టీవీ. పిన్ని ఆ ఇంట్లో అందరికంటే ముందు కూర్చునేది, కళ్ళార్పకుండా చూసేది. అమ్మ వస్తుందేమో... ఈ వారమైనా వస్తుందేమో...

రాలేదు. ఒక్క వారం కూడా.

"ఏదే మీ అమ్మ? ఆ కుర్చీయా? కాదులే, కర్టెను!" అని పిల్లలు ఏడిపించి చంపారు. ఇంటికొచ్చి పిన్ని, "నువ్వు అబద్ధాలకోరువి" అని మొహం మీదే అనేసింది. అమ్మమ్మ దుప్పటి కప్పి దీపం ఆర్పింది.

ఆ మాట ఇంక పోలేదు. పెద్దయ్యాక కూడా, ఏ గొడవొచ్చినా ఆ మాటే. దానికితోడు అమ్మమ్మకి ఒక అలవాటు. ఎదుటివాళ్ళు మాట తట్టక తడుముకుంటే చాలు, పక్కనుంచి మెల్లిగా అందించేసేది. "నా నోరు నాకుంది!" అని పిన్ని కస్సుమనేది. చివరికి మాటల్లేవు. ఆస్పత్రిలో ఆఖరి రోజు మంచం పక్కన పావుగంట నిలబడింది పిన్ని. ఏం అనాలో తెలీలేదు. అమ్మమ్మ నోట్లో గొట్టం. ఈసారి అందించేవాళ్ళు లేరు. పిన్ని వచ్చేసింది.

సరే, గదిలోకి వద్దాం.

మొదటి రోజు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని టేపు తిప్పింది. తెర మీద హీరోయిన్ నోరు మూసుకునే ఉంది... చెవిలో మాత్రం "వెళ్ళొద్దు" అని గుసగుస. అర క్షణం తర్వాత హీరోయిన్ "వెళ్ళొద్దు!" అని ఏడ్చింది.

పిన్ని హెడ్‌ఫోన్స్ విసిరికొట్టింది.

తర్వాత తనని తానే తిట్టుకుంది. ఇది తెలిసిందే కదా! టేపు ఏళ్ళ తరబడి చుట్టగా పడుంటే ఒక పొర మీది మాట పక్క పొరకి అంటుకుంటుంది. అందుకే మాట రాకముందే దాని నీడ వినపడుతుంది. టేపులకొచ్చే జబ్బు.

"ఇదిగో తాతా నీ దెయ్యం" అని వాచ్‌మన్‌కి వినిపించి మరీ చెప్పింది. తాత తల ఊపాడు. కుర్చీ మాత్రం కదపలేదు.

రెండు నెలలు కూర్చుని కడిగింది. ప్రతి మాటకి ముందున్న గుసగుసని గిల్లి గిల్లి తీసేసింది. పంతొమ్మిదో భాగంలో ఒకచోట చెయ్యి ఆగింది. అక్కడ హీరో మాట ఒక్కసారే ఉంది... గుసగుస రెండుసార్లు వచ్చింది. మాటకి నీడైతే రెండుసార్లు ఎలా వస్తుంది?

పైనుంచి స్టూడియో సార్ కేక. "అయిందా? ఆ భాగం రేపే ఇవ్వాలి!"

చెరిపేసింది.

టేపులు తిప్పుతుంటేనే పొట్టుపొట్టుగా రాలిపోయాయి, చెత్తలోకి వెళ్ళాయి. కడగకముందు తీసుకున్న కాపీ ఉండేది. చోటు చాలట్లేదని అదీ తనే చెరిపింది. తన చేత్తో.

డిస్కుల పెట్టె బయటికి రాగానే మా అమ్మ కొనేసింది. మా అమ్మ అంటే పిన్నికి అక్క. "చెల్లి కడిగిన సీరియల్" అని సంబరం. పిన్నిని లాక్కొచ్చి సోఫాలో కూలేసింది. అద్దంలా ఉంది మాట. పిన్నికి కూడా లోపల కొంచెం గర్వం.

పది నిమిషాలయ్యాక అమ్మ ముందుకి వంగింది. సౌండ్ పెంచింది. ఇంకా పెంచింది.

"ఏమే... అమ్మ ఏదే?"

"ఏ అమ్మ?"

"మన అమ్మే. వినపడాలి కదా. ఆ సెట్లో బల్ల కింద కూర్చుని అందరికీ మాటలు అందించేది అమ్మేగా! ఒకసారి నన్నూ తీసుకెళ్ళింది. టార్చి నేనే పట్టుకున్నా. పూలకుండీలో మైకు పెట్టారు, మెల్లిగా చెప్పినా పడుతోందని అమ్మని తిట్టారు కూడా."

తెర మీద హీరోయిన్ ఆగింది. బల్ల వైపు కొంచెం తల వంచింది. ఏమీ వినపడలేదు. తర్వాత డైలాగ్ చెప్పింది.

"నాకెందుకు చెప్పలేదక్కా?" పిన్ని గొంతు తనకే వినపడలేదు.

"ఒట్టేయించుకుంది. ఆ నటులకి మాటలు గుర్తుండవని బయటపడితే పని పోతుందంది. అయినా నువ్వు చెప్పనిచ్చావా? నోరు తెరిస్తే అబద్ధాలకోరు అనేదానివి."

"నేను టేపు జబ్బు అనుకున్నా..."

"ఏంటీ?"

పిన్ని స్కూటర్ తాళాలు తీసుకుంది.

స్టూడియో చేరేసరికి ఎనిమిదైంది. మెట్ల కింద గది. లైటు వేసింది. కంప్యూటర్లో మూలమూలా వెతికింది. తీసేసిన గుసగుస ముక్కొక్కటైనా... ఒక్క 'వెళ్ళొద్దు' అయినా...

లేదు. పిన్ని పని అలాంటిది. మరక మిగల్చదు.

మెల్లిగా వంగి బల్ల కిందకి దూరి కూర్చుంది, మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని. ఆస్పత్రిలో అనలేని మాట ఇప్పుడైనా అనాలి. నోరు తెరిచింది. రాలేదు.

అందించమ్మా... మొదటి మాట చాలు. ఈసారి కసురుకోను.

చెవులు రిక్కించి కూర్చుంది. చాలాసేపు. బల్ల కింద ఏ చప్పుడూ లేదు.

చివరికి ఎలాగో తనే అనేసింది. "అమ్మా, తప్పంతా నాదే." ఒక్కసారే. మొహం తుడుచుకుని బయటికొచ్చింది.

తలుపు పక్కనే వాచ్‌మన్ తాత. లైటు చూసి వచ్చినట్టున్నాడు.

"మీతో... ఎవరైనా వచ్చారామ్మా?"

"లేదు తాతా. ఒక్కదాన్నే."

"మరి 'అమ్మా, తప్పంతా నాదే' అని..." తాత గదిలోకి చూసి గొంతు తగ్గించాడు. "రెండుసార్లు వినపడింది. మొదట గుసగుస. తర్వాత మీరు."

పిన్ని గబుక్కున లోపలికెళ్ళి బల్లకి చెవి ఆనించింది...

ఆ గదిలో ఇప్పటికీ అందరికీ వినపడుతుందట. పిన్నికి తప్ప.