అర్థం తెలిసిన ఆటగత్తె

ఉదయం పదిన్నరకి వర్డ్ క్లబ్ అంపైర్ చనిపోయాడు. కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడు. మెడ వెనక మాత్రం సూది గుచ్చిన గుర్తు ఉంది. పోలీసులు గుండెపోటు అన్నారు. అలా అనమని చెప్పింది ఇంటెలిజెన్స్ డిపార్ట్‌మెంటే. ఆ అంపైర్ ఆరేళ్ళుగా డిపార్ట్‌మెంట్ మనిషి.

పదకొండున్నరకల్లా ఏజెంట్ జలగ బ్రీఫింగ్ రూమ్‌లో ఉన్నాడు. పట్టుకుంటే వదలడని కొలీగ్స్ పెట్టిన పేరది. చీఫ్‌ని అందరూ పెద్దాయన అంటారు. ఆయన అంపైర్ సాక్సులో దొరికిన కాగితం ముక్కని బల్ల మీదకి తోశాడు. దాని మీద నాలుగు ఇంగ్లిష్ మాటలున్నాయి. ADZ, ZEK, COZ, ZAX. అన్నీ మూడక్షరాల మాటలే, అన్నిట్లోనూ Z ఉంది.

విదేశీ ముఠా ఆర్డర్లు ఈ బుల్లి మాటల్లోనే నడుస్తాయని పెద్దాయన వివరించాడు. డిక్షనరీలో ఏ అర్థముంటే దాన్నిబట్టి ఆర్డరు. ADZ అంటే వడ్రంగి బాడిస, అంటే గాయపరచమని. ZEK అంటే లేబర్ క్యాంపు ఖైదీ, అంటే ఎత్తుకు రమ్మని. COZ అంటే చుట్టం, మనవాడే వదిలెయ్యమని. ZAX అంటే ఇంటి పైకప్పుకి వేసే రాతి పలకల్ని నరికే పనిముట్టు. దానికి ప్రాణం తియ్యమని. ముఠా తన షూటర్‌కి ఎప్పుడూ పేరు చెప్పదు, ఫొటో ఇవ్వదు. నాలుగింటికి క్లబ్‌లో టోర్నమెంట్, అక్షరాల బిళ్ళలతో బోర్డు మీద ఇంగ్లిష్ మాటలు పేర్చే ఆట. ప్రతి బోర్డూ వీధివైపు పెద్ద స్క్రీన్ మీద లైవ్‌లో కనిపిస్తుంది. ZAX ఏ బోర్డు మీద పడితే, ఆ మాట పేర్చినవాళ్ళకి ఎదురుగా ఉన్న మనిషిని షూటర్ కాల్చేస్తాడు.

"టార్గెట్ ఎవరు సర్?"

పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "మీ అక్క."

జలగ కుర్చీలోంచి లేచాడు. అమ్మ పోయాక అతన్ని పెంచి పెద్దచేసింది అక్కే. ఈ డిపార్ట్‌మెంట్‌లోనే, రహస్య సంకేతాలు విప్పే సైఫర్ సెక్షన్‌లో పనిచేస్తుంది, ఆ క్లబ్‌లో ఆడుతుంది. పోయిన నెల ముఠా వైర్‌లెస్ అంకెల గుట్టు విప్పింది ఆవిడే. టోర్నమెంట్ ఆపెయ్యమని జలగ బతిమాలాడు. ఇవాళ ఆపితే ముఠా జారిపోతుందని, రేపు ఆవిణ్ణి ఇంటి గుమ్మంలోనే కాలుస్తారని పెద్దాయన అన్నాడు. ఆవిడకి చెప్పడానికీ వీల్లేదట. కడుపులో ఉన్నది మొహంలో కనిపించే మనిషి మరి. ముఠాలో ఉంటూ మనకి పనిచేసే డబుల్ ఏజెంట్ స్కార్ఫ్ కూడా ఆడుతోంది, క్లబ్‌లో ఆడే ఒక డెంటిస్టు మీద ఆమెకి అనుమానం ఉంది అన్నాడు. ఈ కాగితం సంగతి మాత్రం ఆమెకీ చెప్పలేదట.

మధ్యాహ్నం జలగ అక్క ఇంటికి వెళ్ళాడు. ఆవిడ ఒక చేత్తో అన్నం కలుపుతూ, ఇంకో చేత్తో మాటల లిస్టు పట్టుకుని గొణుక్కుంటోంది. వీటన్నిటికీ అర్థాలు తెలుసా అని అడిగాడు.

"అర్థాలెవడిక్కావాలిరా? బోర్డు మీద చెల్లుతుందా లేదా, అంతే," అంది అక్క. "మా క్లబ్బులో ఎవణ్ణైనా అడిగి చూడు. ఒక్కడికీ తెలీదు."

ఎక్కాల్లా బట్టీ కొట్టడమే వాళ్ళ చదువట. అర్థాలు కూడా ఎక్కిస్తే బుర్ర పేలిపోతుందని నవ్వింది. జలగ కూడా నవ్వాడు గానీ, ముద్ద గొంతు దిగలేదు.

నాలుగింటికి అతను పెట్టుడు గడ్డంతో, చేతిలో స్కోర్ పుస్తకంతో హాల్లో ఉన్నాడు. గడ్డంలో మైక్రోఫోన్, చెవిలో ఇయర్‌పీస్. మూడో రౌండులో డెంటిస్టు అక్కకి ఎదురు కూర్చున్నంతసేపూ జలగ అతని చేతుల మీంచి చూపు తిప్పలేదు. డెంటిస్టు చిత్తుగా ఓడి, అక్కకి దండం పెట్టి లేచిపోయాడు.

బ్రేక్‌లో జలగ అమాయకంగా ఒక్కొక్కరినీ అడిగాడు, మాటల లిస్టులో ఉన్న ADZ అంటే ఏమిటని. డెంటిస్టు భుజాలెగరేశాడు. మిగతావాళ్ళు నవ్వారు. స్కార్ఫ్ ఒక్కతే కాఫీ కప్పు దించి, ఎర్ర స్కార్ఫ్ సర్దుకుంటూ, "బాడిసండీ," అంది. ZEK గురించి అడిగితే అదీ చెప్పింది. ఎంత చదువుకున్న మనిషో అనుకున్నాడు జలగ. అయినా చెప్పుల్లో రాయిలాగా ఏదో గుచ్చుకుంటూనే ఉంది.

ఆఖరి రౌండులో అక్కకి ఎదురుగా స్కార్ఫ్ పడింది. మన మనిషే కదా అని జలగ మనసు కుదుటపడింది. గాలి బాగా వస్తుందని స్కార్ఫ్ కిటికీ పక్క కుర్చీ అక్కకి ఇచ్చింది. అక్క థాంక్స్ చెప్పి కూర్చుంది.

పదో నిమిషంలో అక్క QI అనే రెండక్షరాల మాట పెట్టింది. స్కార్ఫ్ కనుబొమలు ముడిచి చెయ్యెత్తింది.

"ఛాలెంజ్. ఇదేం మాట? చెల్లదు."

హాలంతా గొల్లుమంది. క్లబ్బులో చేరిన మొదటిరోజే నేర్పే మాట అది. గది ఊడ్చే ఆవిడక్కూడా వచ్చు. ఛాలెంజ్ వీగిపోయి స్కార్ఫ్‌కి ఒక టర్న్ పోయింది.

జలగకి అప్పుడు వెలిగింది. ఈమెకి QI తెలీదు, ZEKకి అర్థం తెలుసు. ఆటగాళ్ళు నేర్చుకునే లిస్టు ఈమె ఎప్పుడూ చూడలేదు. అర్థాలతో సహా మాటలు నేర్పే లిస్టు లోకంలో ఒక్కటే ఉంది, అది ముఠాది. ఆ లిస్టు సంగతి ఈమె డిపార్ట్‌మెంట్‌కి ఎప్పుడూ చెప్పలేదు. డెంటిస్టు మీదకి తమని తోలింది కూడా ఈమే.

అక్క తన మాట పేర్చి క్లాక్ నొక్కింది. స్కార్ఫ్ చిరునవ్వుతో Z పెట్టింది. తర్వాత A. స్క్రీన్ మీద రెండక్షరాలూ వెలిగాయి. ఎదురు మేడ మూడో అంతస్తులో ఒక కిటికీ రెక్క మెల్లగా తెరుచుకుంది. ఆమె వేళ్ళ మధ్య X ఉంది.

"మూడో అంతస్తు, ఎడమ కిటికీ," అని గడ్డంలోకి చెప్పి, జలగ బల్లని రెండు చేతులా ఎత్తి తిరగేశాడు.

బోర్డు ఎగిరిపడింది. అక్షరాలు నేలంతా దొర్లాయి. స్క్రీన్ నల్లబడింది. అక్కని కిందకి లాగి మీద అడ్డం పడ్డాడు జలగ. తుపాకీ పేలలేదు, మాట పూర్తికాకుండా పేల్చే ఆచారం ఆ ముఠాకి లేదు. స్కార్ఫ్ ఉంగరంలోంచి సూది బయటికొచ్చింది గానీ, డెంటిస్టు ఆమె మణికట్టు పట్టుకుని మెలిపెట్టాడు. పళ్ళు పీకే చెయ్యి కదా, గట్టిదే. రెండు నిమిషాలకి షూటర్‌ని మెట్ల మీద పట్టుకున్నామని ఇయర్‌పీస్‌లో పెద్దాయన చెప్పాడు.

నేలమీద అక్కని పట్టుకుని జలగ చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. "నిన్ను ఎరగా కూర్చోబెట్టానే అక్కా. నన్ను క్షమించు."

అక్క అతని గడ్డం పట్టుకు లాగింది. అది చేతికి ఊడివచ్చింది. "మధ్యాహ్నం ముద్ద దిగనప్పుడే ఏదో ఉందనుకున్నాలే," అంటూ కొంగుతో అతని మొహం తుడిచింది.

జలగ జరిగిందంతా చెప్పాడు. ఆవిడ వంగి, నేలమీదున్న X తీసి సంచిలో వేసింది.

"చూశావా, అర్థాలు నేర్చుకుంటే ఏమవుతుందో," అంది. "నలభై పాయింట్లు ముందున్నాను. స్కోరు రాశావా లేదా?"