తర్వాతది ఉంచు

సోమపురంలో తెల్లవారిందని గడియారం చెప్పాలే గాని ఆకాశం చెప్పదు. చంద్రుడి మీద, మంచు గనుల పక్కన, గాజు కప్పుల కింద కట్టుకున్న తెలుగువాళ్ళ ఊరు అది. అక్కడ చనిపోయినవాళ్ళు పూర్తిగా వెళ్ళిపోరు. ప్రతి వంటింటి గోడకూ అరచేతంత పలక ఒకటి ఉంటుంది. అందులోంచి ఆ ఇంటి పెద్దల 'పలుకునీడ' మాట్లాడుతుంది. మనిషి ఏటా పుట్టినరోజున తన గొంతునూ జ్ఞాపకాలనూ కోపతాపాలనూ మెదడును చదివే న్యూరల్ స్కానర్‌కు అప్పజెబుతాడు. అవన్నీ కలిసి ఒక ఫైలవుతాయి. బతికున్నవాళ్ళ నీడ మాట్లాడకూడదని చట్టం. పోయిన మర్నాడు అది నోరు విప్పుతుంది, ఇక మూయదు.

ముక్కామల నీలవేణి వంటింట్లో మాట్లాడేది ఆమె అత్తగారు రాజ్యలక్ష్మి.

"పప్పులో ఉప్పు ఎక్కువైనట్టుందే వేణీ!" అనేది పలక, రుచి చూడ్డానికి నాలుక లేకపోయినా. పలకకు ఆపే మీట లేకపోలేదు. కానీ పెద్దల నోరు నొక్కారన్న మాట ఎవరు పడతారు? ఆ మీట మీద ప్రతి ఇంట్లోనూ దుమ్ము పేరుకుపోయి ఉంది.

నీలవేణి ఉద్యోగం కూడా ఆ నీడలతోనే. ఊరి నీడల భాండాగారానికి ఆమె అధికారి. ఇంట్లో ఒక్క నీడయితే ఆఫీసులో వేలకు వేలు. ఆ ఫైళ్ళకు జనం పెట్టిన పేర్లు చూస్తే తల తిరుగుతుంది. 'అమ్మ కొత్తది', 'అమ్మ కొత్తది ఆఖరిది', 'ఆఖరిది ఇదే', 'నాన్న ఇది కాదు'. ఏటేటా దాచినదాని పక్కనే మళ్ళీ దాస్తారు గాని పాతది తీసెయ్యరు. ఎవరి నీడ ఎక్కడుందో వెతకలేక చస్తున్నామనీ, అన్నిటికీ ఒకే తీరున పేర్లు మార్చమనీ పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఒక్కొక్కటే తెరిచి మార్చుతూ కూర్చుంటే వేళ్ళు కొంకర్లు పోయాయి గాని పని తరగలేదు.

చివరికి ఆమె గుమాస్తాను పిలిచింది. భాండాగారాన్ని నడిపే యంత్రానికి ఊళ్ళో అందరూ పెట్టిన పేరు అది.

"ఇలా ఒక్కొక్కటీ ఎందుకమ్మగారూ?" అంది గుమాస్తా. "నాలుగు వాక్యాల స్క్రిప్టు చాలు. ఫైలు తీసుకో. పాత పేరు చెరుపు. లోపలున్న ఇంటిపేరూ సొంతపేరూ కలిపి కొత్త పేరు పెట్టు. తర్వాతి ఫైలుకు వెళ్ళు. మిగతాది నేను చూసుకుంటాను."

"ఈ ముక్క ముందే చెప్పకూడదూ?"

"మీరు అడగలేదు. ముందు కొన్నిటి మీద చేసి చూపించనా?"

"అక్కర్లేదు. కానియ్."

"రెండు ఫైళ్ళకు ఒకే పేరు వస్తే?"

నీలవేణి కళ్ళు మూతలు పడుతున్నాయి. ఒకే పేరంటే ఒకే మనిషి దాచుకున్న పాత కాపీ అయి ఉంటుందనుకుంది. "తర్వాతది ఉంచు," అంది.

"ముందుదాన్ని పక్కన పెడతాను. ఏడాదిలోగా అడగకపోతే చెరిపేస్తాను."

"సరేలే," అని ఆమె ఇంటికి బయల్దేరింది.

ఆ సాయంత్రం పప్పు తాలింపు వేసింది. పలక ఏమీ అనలేదు. నీళ్ళు కాస్త ఒలికాయి. అప్పుడూ ఏమీ అనలేదు. "అత్తయ్యా!" అని పిలిచింది. ఉలుకూ పలుకూ లేదు. అప్పుడు గుర్తొచ్చింది, తన కూతురి పేరు కూడా రాజ్యలక్ష్మేనని. మంచు గనిలో ఇంజనీరుగా ఉన్న కూతురికి నానమ్మ పేరు పెట్టింది తామే. సోమపురంలో ఏ ఇంట మాత్రం పెట్టరు? తాత పేరు మనవడికి, నానమ్మ పేరు మనవరాలికి. ఇంటిపేరూ ఒకటే, సొంతపేరూ ఒకటే. తర్వాతది ఉండిపోయింది, ముందుది పోయింది. ఉన్నది బతికున్న మనిషిది, నోరు విప్పదు.

ఆమె పొయ్యి ఆర్పేసింది. రేపు ఊరంతా భాండాగారం మీదికి వచ్చి పడుతుందనుకుంది. మర్నాడు ఎవరూ రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

వారం తర్వాత భోజనాల దగ్గర భర్త సాంబమూర్తితో అంది, "మీ అమ్మ మాట్లాడ్డం లేదండీ."

"తెలుసు," అన్నాడు ఆయన కంచంలోంచి తలెత్తకుండా.

"అడగలేదేం మరి?"

"ప్రశాంతంగా అన్నం తిని ఎన్నాళ్ళయిందే!" అని, ఆ మాటకు తనే సిగ్గుపడ్డాడు. "నోరు జారింది. అమ్మతో అనకు." అనడానికి అమ్మ లేదన్న సంగతి ఇద్దరికీ ఒక్కసారే తట్టింది. 

ఊరంతా అంతే. ఎవరికి వారు తమ ఇంట్లోనే ఈ అదృష్టం పట్టిందనుకుని తేలు కుట్టిన దొంగల్లా ఊరుకున్నారు. నీలవేణి కూడా ఊరుకుంది. వంటింట్లో హాయిగా ఉంది, నిజం చెప్పాలంటే. ఆ హాయికి ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసేది. రేపు అడుగుదాం, ఎల్లుండి అడుగుదాం అనుకుంటూనే నెలలు గడిపేసింది.

ఏడాది దగ్గరపడుతుండగా పక్క గాజు కప్పు కింద కాపురముంటున్న కొడుకు పట్టాభికి ఆడపిల్ల పుట్టింది.

"అమ్మా, నీ పేరే పెట్టాం," అన్నాడు ఫోన్లో మురిసిపోతూ. "ముక్కామల నీలవేణి. పాప మొదటి స్కాను కూడా అయిపోయింది."

సంతోషమే. కానీ ఫోను పెట్టేశాక అసలు సంగతి గుర్తొచ్చింది. తను పోయాక తన నీడకు నోరు ఉండదు. తనే రాయించిన స్క్రిప్టు అది, వచ్చిన ప్రతి కొత్త ఫైలు మీదా ఇంకా నడుస్తూనే ఉంది. ఇన్నేళ్ళ చాకిరీ, పడ్డ కష్టం, చెప్పాలని దాచుకున్న మాటలూ అన్నీ పక్కన పడతాయి. ఎవరూ అడగరు.

పరుగున నేరుగా భాండాగారానికి వెళ్ళింది.

"ఇప్పటిదాకా ఎన్ని ఫిర్యాదులొచ్చాయి?"

"ఒక్కటీ లేదమ్మగారూ."

"పక్కన పెట్టినవన్నీ తిరిగి పెట్టు. పేరు కలిసినా మనుషులు వేరైతే రెండూ ఉంచు. పుట్టిన ఏడు చేర్చి వేరు చెయ్యి."

ఆ పూటే సోమపురం వంటిళ్ళన్నీ మళ్ళీ మాట్లాడాయి. గంట తిరక్కుండా గుమాస్తా పిలిచింది.

"ఫిర్యాదులు మొదలయ్యాయి."

"ఇన్నాళ్ళూ ఎక్కడికి పోయాయనా?"

"కాదమ్మగారూ. ఎందుకు తిరిగి పెట్టారని. మొదటిది మీ అబ్బాయిగారిది. వినిపించనా?"

పట్టాభి గొంతు అలసటగా వినిపించింది. "అయ్యా, మా నానమ్మ పసిదాన్ని నిద్రపోనివ్వడం లేదు. నిన్నటిదాకా ఉన్న పద్ధతే బాగుంది. ఎవరు చేశారో గాని పుణ్యం ఉంటుంది, మళ్ళీ అలాగే చెయ్యండి."

నీలవేణి కుర్చీ లాక్కుని కూర్చుంది. కొడుకు మీద కోపం తెచ్చుకుందామనుకుంది. రాలేదు. ఏడాదిపాటు తనూ చేసిందదే కదా.

"ఏం జవాబివ్వమంటారు?" అంది గుమాస్తా.

"పలకకు మీట ఉందని చెప్పు."

"అది వాళ్ళకు తెలుసమ్మగారూ."

"తెలుసు," అంది నీలవేణి. "అయినా చెప్పు. నొక్కదలుచుకుంటే వాళ్ళ చేత్తోనే నొక్కమను."