నల్లగుడ్డకు మాసిక

అనగా అనగా ఒక మెట్ల దారి. విన్నది విన్నట్టే చెబుతాను. ఊఁ కొట్టేవాళ్ళు కాస్త మెల్లగా కొట్టండి.

ఊరి చివర మూతపడిన గడియారాల ఫ్యాక్టరీలో ఉంది ఆ మెట్ల దారి. దానికి మంచి పేరు లేదు. ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లోనే, ఆ మెట్ల పక్కన కునుకు తీయడానికి పనివాళ్ళు జంకేవారట. నిద్రపోయినవాళ్ళను పై మెట్టు మీద నిలబడి ఎవరో చూస్తారని... పిలవరు, తాకరు — చూస్తారు, అంతే.

అక్కడికి ఒక సాయంత్రం మా పిన్ని వెళ్ళింది.

ఒంటరిగా కాదు. ఫిలిం కెమెరాలను ఇంకా వదలలేనివాళ్ళ బృందం ఒకటుంది. అప్పుడప్పుడూ కలిసి ఎటో ఒకవైపు బయలుదేరతారు. అందులో పెద్దవారు టోపీ మాస్టారు, ఒకప్పటి డ్రాయింగు టీచరు. ఇంకొకరు మాటకారి పళ్ళ డాక్టరు. పొట్టకు ఆనించుకుని పైనుంచి తొంగిచూసే కెమెరా ఆయనది. పిన్నిది అన్నిటికన్నా పెద్దది. మూడుకాళ్ళ స్టాండు మీద నిలబెట్టి, తలమీద నల్లగుడ్డ కప్పుకుని చూడవలసిన పెట్టె. నిజానికి అది బాబాయిది. బాబాయి పోయి అప్పటికి ఏడాది దాటింది.

పిన్ని మందుల షాపులో రోజంతా నిలబడి పనిచేసే మనిషి. ఆ ఏడాదిగా ఆమెకు నిద్ర పట్టడం లేదు. పట్టినా అలసట తీరడం లేదు. ఇదే ఆఖరిసారి, ఈ ఫిలిం కడిగించాక కెమెరాను పళ్ళ డాక్టరుకు ఇచ్చేస్తానని ఇంట్లో చెప్పేసింది. ఒక్క వెలితి మాత్రం ఆమెను తొలుస్తూనే ఉంది. కనిపించినవాళ్ళనందరినీ ఫొటో తీసిన బాబాయి, తన ఫొటో ఒక్కటీ మిగల్చలేదు.

బయలుదేరే పూట నల్లగుడ్డ చిరిగి కనిపిస్తే అమ్మమ్మ కూర్చుని మాసిక వేసింది. నల్లదారం సగంలో అయిపోయింది. మిగతా కుట్లు తెల్లదారంతోనే లాగేసింది.

ఫ్యాక్టరీ గుమ్మం మెట్లెక్కుతూ పళ్ళ డాక్టరు అడిగాడట, "అక్కా, అది కెమెరానా, సంసారమా?"

"రెండూ ఒకటేలే. మోసేవాళ్ళకే తెలుస్తుంది."

పొద్దు గూకుతోంది. పిన్ని ఆ మెట్ల దారి కింద కెమెరా నిలబెట్టి, గుడ్డ కప్పుకుని దాని వెనక అద్దంలోకి చూసింది. ఆ అద్దంలో అంతా తలకిందులుగా కనిపిస్తుంది — మెట్లు పైనుంచి వేలాడుతున్నట్టు. వాటి చివర... ఏదో ఒక ఆకారం, అదీ తలకిందులుగా.

గుడ్డ తీసి చూసింది. మెట్లు ఖాళీ.

కళ్ళు అలిసిపోయాయనుకుంది. సంచిలోంచి ఆఖరి ఫిలిం హోల్డరు తీసింది. ఒక్క ఫొటోకు సరిపడే ఫిలిం పెట్టే పలుచటి చట్రం అది, బాబాయి నింపి పెట్టుకున్నది. దాని మూతకు ఒకవైపు తెలుపు, మరొకవైపు నలుపు. తెలుపు బయటికి ఉంటే ఫిలిం కొత్తదని అర్థం. ఫొటో తీశాక నలుపు బయటికి తిప్పి మూయాలి. బాబాయికి ఆ తిప్పడం ఎన్నడూ గుర్తుండేది కాదు. ఈ హోల్డరుకు తెలుపే బయటికి ఉంది.

వెలుతురు తక్కువ కాబట్టి లెన్సును చాలాసేపు తెరిచి ఉంచాలి. అంతసేపట్లో ఎవరు నడిచిపోయినా ఫిలిం మీద పడరు. కదలకుండా నిలబడినవాళ్ళే పడతారు. లెన్సు తెరిచి, గుడ్డను సంచి మీద పడేసి, పిన్ని కెమెరా పక్కనే గోడవారన కూర్చుంది. మిగతావాళ్ళు వెనక షెడ్డువైపు వెళ్ళారు.

కళ్ళు మూతలు పడ్డాయి...

మెలకువ వచ్చేసరికి చీకటి. నేల చల్లగా ఉంది, ఒళ్ళు మాత్రం వెచ్చగా ఉంది. నల్లగుడ్డ భుజాల దాకా కప్పి ఉంది. మాస్టారే కప్పి ఉంటారనుకుంది. అడిగే ఓపిక కూడా లేక, తడుముకుంటూ లెన్సు మూసింది.

ఆ ఫిలిం మాస్టారింటి చీకటిగదిలోనే కడిగారు. ఎర్రదీపం కింద, ట్రేలోని ఫొటో కాగితం మీద ముందు మెట్లు తేలాయి. తరువాత పై మెట్టు మీద ఒక మనిషి. చేతిమీద నల్లగుడ్డ వేసుకుని, కెమెరా పక్కకు చూస్తూ...

బాబాయి.

ఎంతమాటకైనా జవాబుండే పళ్ళ డాక్టరు ఒక అడుగు వెనక్కి వేశాడు. మాస్టారు ట్రే మీదికి వంగి చూశారు.

"భయపడకమ్మా. ఒకే ఫిలిం మీద రెండు ఫొటోలు పడ్డాయి. ఎప్పుడో తన ఫొటో తనే తీసుకుని, మూత తిప్పడం మరిచిపోయాడు. దానిమీదే నువ్వు మెట్లు తీశావు."

అందరి ఊపిరీ కుదుటపడింది. పిన్ని నవ్విందట, కళ్ళు తుడుచుకుంటూ. "ఎన్నిసార్లు చెప్పినా వింటేనా ఈ మనిషి..."

ఫొటో ఇంటికి తెచ్చి అమ్మమ్మ చేతిలో పెట్టింది. జరిగినదంతా చెప్పింది. వెలితి తీరింది, ఇక కెమెరా ఇచ్చేస్తానంది.

అమ్మమ్మ కళ్ళజోడు పెట్టుకుంది. ఫొటోను దీపం దగ్గరికి జరిపింది. బాబాయి ముఖం చూసింది, చేతిమీది గుడ్డ చూసింది. ఆ గుడ్డ దగ్గరే ఆమె చూపు ఆగిపోయింది.

"ఏమే... ఇది పాత ఫొటో అన్నారా?"

"అవునమ్మా. ఆయన ఉన్నప్పటిది."

అమ్మమ్మ గోటితో చూపించింది. నల్లగుడ్డ అంచున ఒక మాసిక. సగం దాకా ఏమీ కనపడదు. అక్కడినుంచి తెల్లటి కుట్లు, వంకరటింకరగా.

"ఈ కుట్లు నావే," అంది గుసగుసగా. "నువ్వు బయలుదేరిన పూట వేసినవి."

ఒక మనిషి ఫిలిం మీద అంత స్పష్టంగా పడాలంటే ఎంతసేపు కదలకుండా నిలబడాలో పిన్నికి తెలుసు. ఆ తరువాతే కదా, ఆయన దిగివచ్చి తనకు ఆ గుడ్డ కప్పింది.

కెమెరా ఇవ్వడం లేదని పళ్ళ డాక్టరుకు కబురు చేసి, ఆ నల్లగుడ్డే కప్పుకుని పడుకుంది. తెల్లవారి ఎండ ముఖం మీద పడేదాకా లేవలేదు.

ఈ కథ నాకు మొదట చెప్పింది, ఆ కుట్లు వేసిన మా అమ్మమ్మే.