పత్తి గోదాం కాడ నీళ్లు

లింగంపేట దారిలో ఆ పాత పత్తి గోదాం దగ్గర పొద్దుగూకాక ఎవరూ ఆగరు. బస్సు చెడిపోయినా సరే, జనం దిగి ఎల్లారెడ్డి దాకా నడుస్తారు గానీ అక్కడ కూర్చోరు. ముందు గొలుసు చప్పుడవుతుంది... తర్వాత ఒక గొంతు — "నీళ్లు గావాల్నా?" అని. కావాలన్నవాడు తెల్లవారేసరికి ఉండడట.

అంత మర్యాద తెలిసిన దెయ్యం ఎక్కడుంటుందని నేను నవ్వేవాణ్ణి. కామారెడ్డిలో మా పక్కింటి కుల్సుం బీ చెప్పాక నవ్వడం మానేశాను.

నలభై ఎనిమిదిలో, నిజాం రాజ్యం మీద పోలీస్ యాక్షన్ నాటి గడబిడలో, గోదాం ఉన్న ఊరి ముస్లిం కుటుంబాలన్నిటినీ ఆ గోదాంలో పెట్టి తాళం వేశారు. లారీ వచ్చేదాకా రెండు రోజులు... చుక్క నీళ్లు లేవు. అప్పుడు కుల్సుంకి ఏడేళ్లు. రెండో రోజు వాళ్లమ్మ అజ్మత్ బీ ఆమెను వెనక కిటికీలోంచి జార్చి, చేతికి చెంబిచ్చింది. "నీళ్లు తే బిడ్డా."

నింపుకొని వచ్చేసరికి గోదాం ఖాళీ. లారీ ఎక్కినవాళ్లు ఏమయ్యారో ఎవరూ చెప్పలేదు. ఆ ఊళ్లో ఇప్పుడు ఒక్క ముస్లిం ఇల్లు లేదు.

ముప్పై ఆరేళ్లకు, ఎనభై నాలుగులో, కుల్సుం అదే చెంబు నింపుకొని గోదాం దగ్గరికి వెళ్లింది. ఏడుపు రాలేదట. భయమూ వేయలేదట. "అమ్మకు నీళ్లు ఇయ్యాలె, గంతే" అంది నాతో.

పొద్దుగూకింది. గొలుసు చప్పుడు...

"నీళ్లు గావాల్నా?"

గడపలో ఒక ముసలాయన. పక్కన కుండ. తలుపు ఎప్పుడో ఊడిపోయింది — ద్వారబంధానికి మిగిలిన ఉత్త గొలుసుకు తాళం తీస్తున్నాడు. కుల్సుం గుర్తుపట్టింది. అప్పటి కావలివాడు బాలమల్లు. ఏటా పీర్ల పండుగకు దారిన పోయేవాళ్లందరినీ ఆపి షర్బత్ పోసేవాడు. ఆ రెండు రోజులు మాత్రం తాళం తీయలేదు.

"తియ్యొద్దన్నరు బిడ్డా," అన్నాడు గుసగుసగా. "ఇప్పుడు రోజూ తీస్తున్న... ఎవ్వరు గావాలంటలేరు."

కోపం కోసం చాలాసేపు వెతుక్కుందట, దొరకలేదట. చివరికి చెంబు కింద పెట్టి దోసిలి పట్టింది.

"పొయ్యి తాతా."

ఆమె తాగుతున్నంతసేపూ ఆయన లోపలి చీకట్లోకే చూస్తున్నాడు.

"ఇంకెంతమంది ఉన్నరు బిడ్డా లోపల?"

"ఎవ్వరు లేరు తాతా... నేనొక్కదాన్నే."

ఆయన వినిపించుకోలేదు. కుండలో మళ్లీ ముంచి, ఆ చీకట్లోకి చెయ్యి చాచాడు.

కుల్సుం కాసేపు చూసింది. తర్వాత వంగి, తన నిండు చెంబు తీసుకుని, తనూ ఆ చీకట్లోకి చాచింది.