కడగని రీలు

“రీలు చెక్కు చెదరకుండా నాకు కావాలి. అందులో ఏముందో నీకనవసరం.”

మద్రాసు ఆఫీసులో చీఫ్ అన్న ఆ మాటలే ఏజెంట్ పరంజ్యోతిని దారిపొడుగునా నలిపాయి. ఏముందో అతనికి తెలుసు. మంత్రి పద్మనాభయ్య, ఆయన భార్య కాని ఒక స్త్రీ. గెస్ట్‌హౌస్ కిటికీలో ఫ్లాష్ వెలిగింది. ఆ రీలుకు బదులుగా ఒక విదేశీ ముఠా, తీరం వెంట మన ప్రభుత్వం పెట్టబోయే రాడార్ల మ్యాపును మంత్రిని అడుగుతోంది. రీలు ఇంకా కడగలేదు. నెల్లూరులో ఏ స్టూడియోకిచ్చినా మంత్రిగారి ముఖం గుర్తుపడతారని ముఠా భయం.

1963 మే నెల, మిట్టమధ్యాహ్నం. కృష్ణపట్నం దగ్గర కాలువ రేవులో ఉప్పు పడవ ఆగి ఉంది. ఉప్పు బ్రోకరు వేషంలో, నల్ల గొడుగుతో పరంజ్యోతి గట్టు దిగాడు. గొడుగు కర్రలో ఒకే ఒక్క తూటా. పడవలో ఒక విదేశీయుడు, పక్కన నల్లకళ్లద్దాలు పెట్టుకున్న అందగత్తె. అప్పుడే జీపు దిగిన పద్మనాభయ్య చంకలో మ్యాపు ఉంది.

“ఉప్పు తడిసిందా అమ్మా?” అన్నాడు పరంజ్యోతి.

“ఎండ చూసుకునే ఎత్తినాం అన్నా,” అందామె.

కోడ్ సరిపోయింది. ముఠాలో మన మనిషి ఒకరున్నారని చీఫ్ చెప్పాడు. పేరు జయశీల అనీ చెప్పాడు. రీలులో మంత్రితో ఉన్నది ఆవిడేనని మాత్రం చెప్పలేదు. ఆమెను చూడగానే మంత్రి తల దించుకోవడంతో పరంజ్యోతికి అర్థమైంది.

మంత్రి మ్యాపు అందించబోయాడు. విదేశీయుడి వేళ్లు దాన్ని తాకాయి. గొడుగు పేలింది. భుజం పట్టుకుని వాడు కాలువలో పడ్డాడు. వెనక పడవలో దాక్కున్న పోలీసులు వాణ్ణి పైకి లాగారు. మ్యాపు గట్టు మీదే ఉండిపోయింది. వాడి చేతిలోని రీలు డబ్బా ఉప్పు కుప్ప మీద పడితే పరంజ్యోతి తీసుకున్నాడు.

“నా పడకగదితో సర్కారుకేం పనయ్యా? అది ఇటియ్యి, కాల్చేస్తా,” అన్నాడు పద్మనాభయ్య.

“దాంతో ఎవరికీ పనిలేదు సార్. దాన్ని దాచుకునేదానికి మీరు దేశం మ్యాపు తెచ్చినారే, దాంతోనే మాకు పని.”

జయశీల కళ్లద్దాలు తీసింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

“ఆయన కాల్చడన్నా. నా నోరు మూయించేదానికి దాచుకుంటాడు. మీ చీఫ్ కూడా కాల్చడు. రేపు ఈ మంత్రి నోరు మూయించను కూడా పనికొస్తాదని దాస్తాడు. ఎవరి బీరువాలో ఉన్నా, ఉండేది నా ముఖమే.”

పద్మనాభయ్యకు జనం ఓట్లేశారు. ఈ డబ్బా ఎవరి చేతిలో ఉంటే వాళ్లకి ఎవరూ వెయ్యలేదు. అయినా మంత్రిని ఆడించేది వాళ్లే.

పరంజ్యోతి డబ్బా మూత తీశాడు. ఫిల్ము మొత్తం బయటికి లాగి, మండే ఎండలో పట్టుకున్నాడు; కడగని బొమ్మలన్నీ వెలుతురుకి చెరిగిపోయాయి. మంత్రి గట్టిగా ఊపిరి వదిలాడు.

“మీరు జీపెక్కండి సార్. మ్యాపు కేసు మ్యాపు కేసే.”

సాయంత్రం చీఫ్‌కి టెలిగ్రాం వెళ్లింది: “రీలు దొరికింది. చెక్కు చెదరలేదు. నెల్లూరులో ఎండలు మాత్రం విపరీతం.”